చెన్నైలో ప్రభుత్వ స్టోర్స్ ఉద్యోగాలు: అర్హతలు, పని పరిస్థితులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర చెన్నైలోని ఒక ప్రభుత్వ డిపోలో ముప్పై ఒక్క సంవత్సరాలు సామాను లెక్క చూసి పదవీ విరమణ చేశాను. సూళ్లూరుపేట, నాయుడుపేట, పుత్తూరు, నగరి వైపు నుంచి రైలెక్కి వచ్చే పిల్లలు, కొరుక్కుపేట, అయనావరం, ఆవడిలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు ఏళ్లు గడిచినా పెద్దగా మారలేదు. ఒక్కొక్కరికి విడిగా చెప్పడం కంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. గుమాస్తా పనే కదా అని తేలిగ్గా తీసుకునేవారికీ, అక్కడ చేరితే ఏదో ఒక రోజు కేసులో ఇరుక్కుంటామని భయపడేవారికీ ఇది ఉపయోగపడాలని నా కోరిక.

స్టోర్స్ ఉద్యోగంలో అసలు చేసే పని ఏమిటి?

పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో 1955 నుంచి రైలు పెట్టెలు తయారవుతున్నాయి. ఒక పెట్టె బయటికి రావాలంటే చక్రాల దగ్గర నుంచి కిటికీ రబ్బరు దాకా వేల రకాల సామాను అవసరమైన రోజుకి చేతికి అందాలి. చిన్న బోల్టు ఒకటి అందకపోయినా పెట్టె షెడ్డులోనే నిలిచిపోతుంది. ఆ సామాను తెప్పించి, లెక్కపెట్టి, భద్రపరచి, అడిగినవారికి ఇచ్చి, ఇచ్చినదానికి లెక్క చూపడమే మా పని. ఆవడిలో యుద్ధ ట్యాంకుల విడిభాగాలకైనా, కల్పాక్కంలో అణువిద్యుత్ కేంద్రం సామానుకైనా ఇదే వరస.

లారీ గేటు దగ్గరికి వస్తుంది. డ్రైవరు చలానా ఇస్తాడు. దాన్ని కొనుగోలు ఆర్డరుతో పోల్చి, సరకు దింపించి, లెక్కపెట్టాల్సినవి లెక్కపెట్టి, తూచాల్సినవి తూస్తారు. నాణ్యత తనిఖీ అయ్యాక సరకు అందిందని చెప్పే రిసీట్ నోట్ తయారవుతుంది. ఆ కాగితం వచ్చేదాకా సరఫరాదారుకు డబ్బు అందదు. తర్వాత సరకు వార్డుకు చేరుతుంది. రైల్వే డిపోల్లో ఒక్కో రకం సామాను ఉంచే విభాగాన్ని వార్డు అంటారు. ఆసుపత్రిలోనే కాకుండా ఇక్కడ కూడా వార్డు అనే మాట వినబడేసరికి కొత్తవాళ్లు తికమకపడతారు. వార్డులో ప్రతి వస్తువుకూ ఒక బిన్ కార్డు ఉంటుంది. ఎంత వచ్చింది, ఎంత వెళ్లింది, ఎంత మిగిలింది అన్నది దాని మీద రాయాలి. వర్క్‌షాపు నుంచి ఇండెంట్, అంటే ఫలానా సామాను కావాలని కోరే కాగితం వస్తే సరకు ఇచ్చి సంతకం తీసుకోవాలి. డిపో దాటి బయటికి వెళ్లే ప్రతిదానికీ గేట్ పాస్ కావాలి. నిల్వ ఒక స్థాయికి తగ్గకముందే తిరిగి తెప్పించమని కోరడం, పాడైనవాటిని స్క్రాప్ యార్డుకు పంపి వేలానికి సిద్ధం చేయడం కూడా ఇందులో భాగమే.

ఏయే పేర్లతో ప్రకటనలు వస్తాయి? చదువు ఎంత ఉండాలి?

ఒక్కో శాఖ ఒక్కో పేరు పెట్టడంతో చాలామంది తమకు తగిన ప్రకటన కళ్లముందే ఉన్నా గుర్తుపట్టలేరు. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

రైల్వేలో ఈ ఉద్యోగం పేరు డిపో మెటీరియల్ సూపరింటెండెంట్. జూనియర్ ఇంజనీరు పోస్టులతో కలిపి ఒకే ప్రకటనలో వస్తుంది కాబట్టి, ఇంజనీర్ల ప్రకటన అనుకుని పక్కన పెట్టేస్తుంటారు. ఏ శాఖలోనైనా మూడేళ్ల ఇంజనీరింగ్ డిప్లొమా ఉంటే చాలు. సివిల్ వాళ్లు సివిల్ పోస్టులకే పోటీపడాలి, మెకానికల్ వాళ్లు మెకానికల్‌కే. ఈ పోస్టుకు అలాంటి గిరి లేదు. ఉద్యోగ ఖాళీలు తక్కువగా ఉండే శాఖను పాలిటెక్నిక్‌లో చదివినవారికి ఇది మంచి దారి.

సైన్యంలో ఆయుధాలు, సామాను సరఫరా చూసే ఆర్డినెన్స్ కోర్ కింద మెటీరియల్ అసిస్టెంట్ అనే పౌర ఉద్యోగం ఉంది. ఏదైనా డిగ్రీ, లేదా మెటీరియల్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా, లేదా ఏ శాఖలోనైనా ఇంజనీరింగ్ డిప్లొమా కావాలి. వయసు 18 నుంచి 27. దేశమంతటి నియామకాలనూ సికింద్రాబాద్‌లోని కేంద్రమే నిర్వహిస్తుంది. ఆవడిలో ఈ కోర్‌కు డిపో ఉంది.

అణుశక్తి శాఖకు కొనుగోళ్లు, స్టోర్సు కోసం ప్రత్యేక డైరెక్టరేట్ ఉంది. అక్కడి పోస్టు పేరు జూనియర్ స్టోర్‌కీపర్. సైన్సు లేదా కామర్సు డిగ్రీలో 60 శాతం, లేదా మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ డిప్లొమాల్లో 60 శాతం మార్కులు అడుగుతారు. ఆ 60 శాతం దగ్గరే చాలామంది ఆగిపోతారు, ముందే చూసుకోండి.

రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో నియామకాల్లో స్టోర్ అసిస్టెంట్ పోస్టుకు ఇంటర్మీడియట్‌తో పాటు కంప్యూటర్‌పై ఇంగ్లిషులో నిమిషానికి 35 పదాల టైపింగు అడిగారు. ఆవడిలోని యుద్ధ వాహనాల పరిశోధనశాల ఆ సంస్థదే.

నేను పదో తరగతి, ఐటీఐ మాత్రమే చదివాను. నాకు దారి ఉందా?

ఉంది. రైల్వేలో అన్నిటికన్నా కింది వేతన స్థాయి అయిన లెవెల్ 1 నియామకాల్లో డిపో స్టోర్స్‌లో అసిస్టెంట్ పోస్టులు ఉంటాయి. పరీక్ష తర్వాత దేహదారుఢ్య పరీక్ష పెడతారు. మగవాళ్లు 35 కిలోల బరువును కింద పెట్టకుండా రెండు నిమిషాల్లో వంద మీటర్లు మోయాలి. వెయ్యి మీటర్లు 4 నిమిషాల 15 సెకన్లలో పరుగెత్తాలి. ఆడవాళ్లకు 20 కిలోలు, అదే దూరం, అదే సమయం; పరుగు 5 నిమిషాల 40 సెకన్లు. ఒక్కటే అవకాశం ఇస్తారు. రాత పరీక్ష నెగ్గి ఇక్కడ పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను. ఇసుక మూట భుజాన వేసుకుని నెల రోజులు ముందే సాధన చేయండి.

రైల్వే పరీక్ష ఎలా ఉంటుంది? తెలుగులో రాయవచ్చా?

రాయవచ్చు. రైల్వే నియామకాలు జరిపే బోర్డుల్లో చెన్నై బోర్డును ఎంచుకున్నా ప్రశ్నపత్రం భాషగా తెలుగు పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలియక ఇంగ్లిషులో అవస్థపడినవారు చాలామంది.

డిపో మెటీరియల్ సూపరింటెండెంట్‌కు రెండు దశల కంప్యూటర్ పరీక్ష. మొదటిది 90 నిమిషాల్లో వంద ప్రశ్నలు: గణితం 30, సామాన్య శాస్త్రం 30, తార్కికం 25, వర్తమాన విషయాలు 15. రెండోది 120 నిమిషాల్లో 150 ప్రశ్నలు, అందులో వంద మీ సాంకేతిక విషయానివి. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. తర్వాత ధ్రువపత్రాల పరిశీలన, వైద్య పరీక్ష. ఇంటర్వ్యూ లేదు. మామూలుగా గరిష్ఠ వయసు 33. 2024 ప్రకటనలో కొవిడ్ కారణంగా ఒక్కసారికి మూడేళ్లు పెంచారు, దాన్ని శాశ్వతం అనుకోకండి.

దేశంలో ఏదో ఒక్క బోర్డుకే దరఖాస్తు చేయాలి. దక్షిణ రైల్వే చెన్నై ఖాళీలు, కోచ్ ఫ్యాక్టరీ ఖాళీలు చెన్నై బోర్డులో ఉంటాయి. ఖాళీల పట్టిక చూసి, ఈ పోస్టు మీ వర్గానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకున్నాకే బోర్డును ఎంచుకోండి. ఊరికి దగ్గరని గుడ్డిగా ఎంచుకోవద్దు.

తమిళం రాకపోతే ఇబ్బందా?

కేంద్ర ఉద్యోగం పొందడానికి తమిళం అక్కర్లేదు. పని చేయడానికి మాత్రం కావాలి. కాగితాలు ఇంగ్లిషులో నడుస్తాయి, సరకు దింపే హమాలీలతో, లారీ డ్రైవర్లతో, వర్క్‌షాపు ఫోర్‌మన్‌తో మాటలు తమిళంలో నడుస్తాయి. ఆరు నెలల్లో మాట్లాడటం వచ్చేస్తుంది. అంకెలు, కొలతలు, ‘ఎత్తు’, ‘దించు’, ‘ఆపు’ లాంటి మాటలు మొదటి వారంలోనే నేర్చుకోండి. బరువు గాలిలో వేలాడుతున్నప్పుడు మాట అర్థంకాకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. తమిళనాడు రాష్ట్ర ప్రభుత్వ పోస్టుల సంగతి వేరు, వాటికి తమిళ అర్హత పరీక్ష తప్పనిసరి.

మా కుటుంబం నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడింది. రిజర్వేషన్ వర్తిస్తుందా?

కేంద్ర ఉద్యోగాల్లో వర్తిస్తుంది, మీ మూల రాష్ట్రం ఆధారంగా. ఎస్సీ, ఎస్టీలు తండ్రి స్వరాష్ట్రంలో పొందిన ధ్రువపత్రం ఆధారంగా చెన్నైలో కూడా పత్రం పొందవచ్చు. అది మూల రాష్ట్రపు కులంగానే నమోదవుతుంది. ఓబీసీలైతే మీ కులం ఆంధ్రప్రదేశ్‌కు చెందిన కేంద్ర జాబితాలో ఉండాలి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి, జాగ్రత్త. పత్రం కేంద్రం నిర్దేశించిన నమూనాలోనే ఉండాలి. పత్రాల పరిశీలన రోజున నమూనా తప్పని తిప్పి పంపితే ఆ పిల్లల ముఖం చూడలేం. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా ముందే చేయించుకోండి.

జీతం ఎంత చేతికి వస్తుంది?

డిపో మెటీరియల్ సూపరింటెండెంట్ లెవెల్ 6, మూల వేతనం 35,400 రూపాయలు. మెటీరియల్ అసిస్టెంట్ లెవెల్ 5, 29,200. జూనియర్ స్టోర్‌కీపర్ లెవెల్ 4, 25,500. స్టోర్ అసిస్టెంట్ లెవెల్ 2, 19,900. లెవెల్ 1కు 18,000.

లెవెల్ 6కు కరువు భత్యం 55 శాతంగా ఉన్న 2025 మొదటి ఆరునెలల లెక్క చూద్దాం. మూల వేతనం 35,400, కరువు భత్యం 19,470. చెన్నై మొదటి తరగతి నగరం కాబట్టి ఇంటి అద్దె భత్యం 30 శాతం, అంటే 10,620. రవాణా భత్యం 3,600, దాని మీద కరువు భత్యం కలిపి 5,580. మొత్తం 71,070. ఇందులో పింఛను వాటాగా 5,487 పోతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకునే వీలుంది. 25 ఏళ్ల సర్వీసు ఉంటే చివరి 12 నెలల సగటు మూల వేతనంలో సగం పింఛనుగా వస్తుంది.

రైల్వే ఉద్యోగులకు వీటికి తోడు ప్రయాణ పాసులు, పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో వైద్యం. గుండె శస్త్రచికిత్సలకు పేరున్న ఆ ఆసుపత్రిని మా ఇంట్లో ఇద్దరం వాడుకున్నాం. జీతం లెక్క వేసుకునేటప్పుడు దాన్ని మరచిపోకండి.

పని వేళలు, వాతావరణం ఎలా ఉంటాయి?

పరిశోధనశాలల్లో వారానికి ఐదు రోజుల పని. వర్క్‌షాపులకు అనుబంధంగా ఉన్న డిపోల్లో ఆరు రోజులు, వారానికి 48 గంటలు. పొద్దున్నే హాజరు పడుతుంది. అత్యవసరంగా సామాను కావలసివస్తే సెలవు రోజునా పిలుస్తారు.

గదిలో కూర్చునే ఉద్యోగం అనుకుని చేరితే మొదటి వేసవిలోనే మనసు మారిపోతుంది. రేకుల షెడ్డు కింద మే నెల, ఇక్కడివాళ్లు కత్తిరి అని పిలిచే ఎండల రోజులు, పైన గాలి కదలదు, కింద నూనె, గ్రీజు వాసన. రోజంతా ర్యాకుల మధ్య నడక, నిచ్చెనలు ఎక్కడం. పెద్ద బరువులకు క్రేను, ఫోర్క్‌లిఫ్టు ఉంటాయి. అయినా ఇరవై కిలోల పెట్టెలు చేత్తో జరపాల్సిన సందర్భాలు వస్తూనే ఉంటాయి. నడుము వంచి ఎత్తకుండా మోకాళ్లు వంచి ఎత్తడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి. నా నడుము నొప్పికి మందులు వాడుతూ ఈ మాట రాస్తున్నాను. ఇనుప మొన బూట్లు, చేతి తొడుగులు, శిరస్త్రాణం ఇస్తే వేసుకోండి, ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి.

గ్యాసు సిలిండర్లు నిలువుగా, గొలుసు కట్టి ఉంచాలి. ఆక్సిజన్ సిలిండరు దగ్గరికి నూనె, గ్రీజు చేరకూడదు. గ్రీజు అంటిన తొడుగులతో దాని వాల్వు ముట్టుకోవడం చాలా ప్రమాదం. రబ్బరు సామాను ఎండ తగిలితే పగుళ్లిస్తుంది, రంగులకూ బ్యాటరీలకూ గడువు ఉంటుంది. ముందు వచ్చినది ముందు ఇవ్వాలన్న నియమం అందుకే పెట్టారు.

వానలంటే చెన్నైలో ఇంకో పరీక్ష. 2015 డిసెంబరు వరదల్లో నేను పనిచేసిన చోట మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. కింది అరలో ఉన్న బేరింగులు తుప్పు పట్టాయి, అట్టపెట్టెలు కరిగి ముద్దయ్యాయి, బిన్ కార్డుల మీద సిరా చెరిగిపోయింది. మూడు వారాలు ఒక్కో వస్తువూ తుడిచి మళ్లీ లెక్కపెట్టాం. అప్పటి నుంచి అక్టోబరు వచ్చిందంటే కింది అరలు ఖాళీ చేయించేదాకా నాకు నిద్ర పట్టేది కాదు.

లెక్కలో సరకు తగ్గితే నా జీతంలోంచి కోస్తారా? అందరికన్నా ఎక్కువగా అడిగేది ఇదే.

కోసే అవకాశం ఉంది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల ప్రభుత్వానికి జరిగిన నష్టాన్ని జీతం నుంచి రాబట్టడం, కేంద్ర ఉద్యోగుల 1965 క్రమశిక్షణ నియమాల్లోనూ, రైల్వే ఉద్యోగుల 1968 నియమాల్లోనూ ఉన్న శిక్ష. దానికి ముందు అభియోగపత్రం ఇవ్వాలి, మీ సమాధానం వినాలి. డబ్బు, సామాను చేతిలో ఉండే ఉద్యోగి నుంచి పూచీ తీసుకోవాలని కూడా ప్రభుత్వ ఆర్థిక నియమాలు చెబుతాయి. నిల్వలను కనీసం ఏడాదికోసారి భౌతికంగా లెక్కించాలన్నది 2017 ఆర్థిక నియమావళిలో ఉంది. రైల్వేలో ఈ తనిఖీకి అకౌంట్స్ విభాగం నుంచి స్టాక్ వెరిఫయర్లు వస్తారు. తేడా కనబడితే దాన్ని చూపుతూ స్టాక్ షీటు అనే కాగితం రాస్తారు. దానికి మీరు జవాబు ఇవ్వాలి.

నాకు జరిగింది చెబుతాను. ఉద్యోగంలో నాలుగో ఏట ఒక వార్డు బాధ్యత తీసుకున్నాను. అప్పగించే పెద్దాయన మరో వారంలో విరమిస్తారు. నాకు పని నేర్పిన మనిషి. మేకులు కొట్టి ఉన్న మూడు చెక్కపెట్టెలు చూపించి, ‘ఇవి నిండా ఉన్నాయి, విప్పితే మళ్లీ బిగించాలి’ అన్నారు. ఆయన మీది గౌరవంతో విప్పకుండానే సంతకం చేశాను. ఏడు నెలలకు తనిఖీ వచ్చింది. ఇత్తడి వాల్వులు నలభై తక్కువ. నాకు అన్నం సహించలేదు. ఇంట్లో చెప్పుకోలేకపోయాను. మూడు నెలల పాటు, సరకు ఇచ్చినప్పటి పాత ఇష్యూ కాగితాలన్నీ తిరగేస్తే, చివరికి చాలా ఏళ్ల కిందట అవి వేరే నంబరు కింద పక్క వార్డుకు వెళ్లినట్టు తేలింది. సరకు అక్కడే ఉంది, అక్కడ నలభై మిగులు. ఆ పెద్దాయన నిజాయితీపరుడే. పొరపాటు ఒక అంకెది. రైల్వేలో ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల పీఎల్ నంబరు ఉంటుంది, అందులో రెండు అంకెలు తారుమారయ్యాయి. ఆ మూడు నెలలు నేను పడ్డ వేదనకు కారణం మాత్రం నా సంతకమే.

ఆ తర్వాత ఎవరు ఎంత తొందరపెట్టినా విప్పి లెక్కపెట్టకుండా సంతకం పెట్టలేదు. మీరూ పెట్టకండి. లెక్కించడానికి సమయం ఇవ్వకపోతే, ‘ఈ పెట్టెలు తెరిచి చూడలేదు’ అని సంతకం పక్కనే రాసి తేదీ వేయండి. పై అధికారి ఫోనులో చెప్పాడని ఇండెంట్ లేకుండా సరకు ఇవ్వకండి. ‘సాయంత్రం కాగితం పంపుతాను’ అన్నవారిలో కొందరు పంపరు. సరకు ఇచ్చిన క్షణమే కార్డు మీద ఎక్కించండి, సాయంత్రానికి వాయిదా వేస్తే రెండు మరచిపోతారు. నేను చూసిన కొరతల్లో ఎక్కువ భాగం దొంగతనాలు కావు. తప్పు అరలో పెట్టడం, తప్పు నంబరు రాయడం, డజన్లనూ విడి వస్తువులనూ ఒకటిగా లెక్కేయడం వంటివే. తేడా మీకే ముందు కనబడితే దాచకుండా ఆ రోజే రాతపూర్వకంగా తెలియజేయండి. ముందే చెప్పినవారి పట్ల విచారణాధికారులు న్యాయంగా ఉండటం చూశాను.

అంతా కంప్యూటర్లలోకి వచ్చింది కదా, ఈ ఉద్యోగాలు ఉంటాయా?

రైల్వే టెండర్లు, స్క్రాప్ వేలాలు ఐరెప్స్ అనే పోర్టల్‌లో జరుగుతున్నాయి. వినియోగదారు డిపోల లెక్కలకు ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంది. జెమ్ అని పిలిచే ప్రభుత్వ ఈ-మార్కెట్ 2016 ఆగస్టు నుంచి ఉంది. కాబట్టి స్ప్రెడ్‌షీటు పని బాగా నేర్చుకుని రండి. తెర మీద 112 అని ఉంటే అరలో 112 ఉన్నాయా అన్నది మనిషి వెళ్లి చూడాల్సిందే.

మహిళలకు ఈ పని అనువైనదేనా?

పోస్టులన్నీ మహిళలకూ ఉన్నాయి. నాతో పనిచేసిన మహిళల కార్డుల్లో కొట్టివేతలు చాలా తక్కువ. చేరేముందు ఆ డిపోలో మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఎలా ఉన్నాయో వెళ్లి చూడండి. పాత షెడ్లలో ఈ వసతులు సరిగా లేని చోట్లున్నాయి. అడిగి కట్టించుకోవడం హక్కు.

బదిలీలు ఉంటాయా? పదోన్నతి?

కోచ్ ఫ్యాక్టరీ లాంటి ఉత్పత్తి కేంద్రాల్లో ఎక్కువ భాగం ఒకే చోట గడుస్తుంది. దక్షిణ రైల్వేలో అరక్కోణం, తిరుచ్చి వైపు వెళ్లాల్సి రావచ్చు. సైన్యపు డిపోల్లోని పౌర ఉద్యోగులను దేశంలో ఎక్కడికైనా పంపవచ్చు. రైల్వేలో లెవెల్ 6 నుంచి చీఫ్ డిపో మెటీరియల్ సూపరింటెండెంట్‌గా లెవెల్ 7కు, అక్కడి నుంచి పరీక్ష రాసి అసిస్టెంట్ మెటీరియల్స్ మేనేజరుగా వెళ్లవచ్చు. పదోన్నతి రాకపోయినా పది, ఇరవై, ముప్పై ఏళ్లకు వేతన స్థాయి పెరుగుతుంది.

అంబత్తూరులో ప్రైవేటు గిడ్డంగిలో మూడేళ్లుగా చేస్తున్నాను. ఆ అనుభవానికి విలువ ఉందా?

రైల్వే పరీక్షలో దానికి మార్కులు లేవు. చేరాక మాత్రం మీరు మిగతావారి కంటే ఏడాది ముందుంటారు. మాజీ సైనికులకు కేంద్ర నియామకాల్లో వాటా, వయసు సడలింపు ఉన్నాయి. సైన్యంలోనో వాయుసేనలోనో స్టోర్స్ పని చేసి వచ్చినవారు ఈ పోస్టులను వదులుకోకూడదు.

ఇంటర్నెట్‌లో కనిపించే ‘సప్లై టెక్నీషియన్’ ఉద్యోగం ఇదేనా?

పని దాదాపు ఇదే, ప్రభుత్వం వేరు. అది అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో 2005 అనే సంఖ్య గల ఉద్యోగ శ్రేణి. అక్కడి ఐదో గ్రేడుకు కింది గ్రేడు స్థాయిలో ఏడాది ప్రత్యేక అనుభవం, లేదా హైస్కూలు తర్వాత నాలుగేళ్ల చదువు అడుగుతారు. మామూలుగా అమెరికా పౌరులకే అవకాశం. చెన్నైలో కూర్చుని దానికి దరఖాస్తు చేయిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

మధ్యవర్తి ఒకరు ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?

వద్దు. ఇంటర్వ్యూ లేని, కంప్యూటర్ పరీక్షతో జరిగే నియామకంలో ఎవరూ ఏమీ ఇప్పించలేరు. నగలు తాకట్టు పెట్టి లక్షలు కట్టిన ఒక కుటుంబం నకిలీ నియామక పత్రం పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది. ఆ తల్లిని లోపల కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి నిజం చెప్పాల్సివచ్చింది. అసలు దరఖాస్తు రుసుము రైల్వేలో 500 రూపాయలు. మొదటి పరీక్ష రాస్తే అందులో 400 తిరిగి ఇస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 250, బ్యాంకు ఛార్జీలు పోను అంతా తిరిగి వస్తుంది.

చేరిన మొదటి నెలలో ఏమి చేయాలి?

ఒక చిన్న నోటుపుస్తకం, కొలత టేపు, సన్నని కొలతలు తీసే వెర్నియర్ జేబులో ఉంచుకోండి. రోజుకు పది వస్తువుల పేరు, నంబరు, ఉండే అర రాసుకోండి. దేనిని సంఖ్యలో లెక్కిస్తారో, దేనిని కిలోల్లో, దేనిని మీటర్లలో లెక్కిస్తారో పక్కనే గుర్తుపెట్టుకోండి. వర్క్‌షాపుకు వెళ్లి మీ అరలోని వస్తువు రైలు పెట్టెలో ఎక్కడ బిగిస్తారో చూసి రండి. ఒకేలా కనిపించే రెండు రబ్బరు వాషర్లలో ఒకటి నీటి గొట్టానికి, మరొకటి బ్రేకు గొట్టానికి వెళుతుందని కళ్లారా చూసినవారు వాటిని ఒకే డబ్బాలో పోయరు.